డిస్నీ వరల్డ్ ఏడాది పాస్ ఒక్కరికే ఉంటే రెండు గదులకూ తగ్గింపు వస్తుందా?

నమస్తే అండీ. మాది హనుమకొండ. బతుకమ్మ పండుగ అయిపోగానే నేను, మా ఆయన, మా అత్తమ్మ కలిసి ఫ్లోరిడాలో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆర్లాండోలో డిస్నీ వరల్డ్ చూపిస్తానంటోంది. ఏడాది పాస్ తనకొక్కదానికే ఉంది, అల్లుడికి లేదు.

పాస్ ఉన్నవాళ్లకు డిస్నీ హోటళ్లలో కొన్ని తేదీలకు గది అద్దె తగ్గిస్తారు కదా. మేం ఐదుగురం. మామూలు గదుల్లో చాలావాటిలో నలుగురికే చోటు కాబట్టి రెండు గదులు కావాలి. అమ్మాయి పేరు మీదే రెండూ బుక్ చేస్తే రెండింటికీ తగ్గింపు ఇస్తారా, తనుండే గదికేనా? చెక్ ఇన్ అప్పుడు పాస్, గుర్తింపు కార్డు చూపించమంటారా?

బయటి హోటల్ చవకే, కానీ అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. వేయి స్తంభాల గుడి ఒక్క చుట్టు తిరిగితేనే అరుగు మీద కూర్చుండిపోతుంది. మధ్యాహ్నం గదికి వెళ్లి కాసేపు నడుం వాల్చాలంటే పార్కు దగ్గరే ఉండాలి. పార్కుకు తీసుకెళ్లే మోనోరైల్ (ఒంటి పట్టా మీద నడిచే రైలు) ఆగే హోటళ్లకూ ఈ తగ్గింపు దొరుకుతుందా? ముందే మామూలు ధరకు బుక్ చేసి, తర్వాత పాస్ ధరకు మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.