పాత ఇంటి వయసు ఎవరు చెప్పాలి: దస్తావేజా, గోడా, ఇంటి పెద్దా?

తీర్థకట్ట వీధి:
తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత మిద్దె ఇళ్లు ఒకటొకటే పోయి లాడ్జీలు లేస్తున్నాయి. ఉన్నవాటి చరిత్రన్నా రాసి పెడదామని కొందరం మొదలుపెట్టినాం. తొలి ఇంటి దగ్గరే మాలో మాకు పడలేదు. ఇంటి పెద్దాయన “మా తాతకు తాత కట్టించినాడు, నూటయాభై ఏండ్లది” అంటాడు. వాళ్ల చేతిలో ఉన్న దస్తావేజు 1926ది. ద్వారబంధం పైపట్టె మీద “ప్రభవ సం॥” అని చెక్కి ఉంది. ఏది రాయాలి?

చిత్తూరు సివిల్:
గోడను, కప్పును చూడండి తమ్ముడూ. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, మూలవాటుగా సున్నంలో పేర్చి ఉంటే అది మద్రాసు టెర్రసు. మంగళూరు పెంకు కప్పుంటే ఆ కప్పు 1865కు ముందుది కాదు, ఎందుకంటే బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది ఆ ఏడే. పెంకు వెనక్కి తిప్పితే ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. కట్టడం అబద్ధం చెప్పదు.

పాత రైటరు:
కట్టడాన్ని అంతగా నమ్మొద్దు సార్. పాత మిద్దె పడగొడితే టేకు దూలాలు, తలుపులు ఎవరన్నా పారేస్తారా? కొత్త ఇంట్లో పెట్టేస్తారు. పెంకులూ అంతే. మీ లెక్కతో దూలం వయసు తేలుతుందేమో గానీ ఇంటి వయసు తేలదు.

దస్తావేజులు రాసి బతికినవాణ్ణి కాబట్టి వాటి సంగతీ చెప్తా. దస్తావేజులో ఉండేది ఆస్తి చేతులు మారిన తేదీ, ఇల్లు కట్టిన తేదీ కాదు. వంశంలో దిగివచ్చే ఇంటికి భాగపంపకాలు జరిగేదాకా కాగితమే పుట్టకపోవచ్చు. అందుకే 1926 చూసి ఇంటి వయసు తేల్చేయకూడదు. తేదీ వదిలేసి లోపలి షెడ్యూలు, అంటే ఆస్తి వివరం రాసిన భాగం, చదవండి. అమ్మింది ఖాళీ స్థలమా, పూరిల్లా, మిద్దెనా?

ఆ తర్వాత ఇరుగుపొరుగు దస్తావేజుల్లో చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, చూడండి. పక్కింటాయన పత్రంలో “పడమర: ఫలానా వారి మిద్దె” అని ఉంటే, ఆ తేదీకి మీ మిద్దె నిలబడి ఉన్నట్టే. సొంత పత్రంలో లేని సాక్ష్యం పొరుగు పత్రంలో దొరుకుతుంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు తిప్పి వెతకాల్సిందే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఫీజు కడితే ఒకటో పుస్తకంలోని (స్థిరాస్తి పత్రాలు ఎక్కించే రిజిస్టరు) దస్తావేజుకు ఎవరికైనా నకలు ఇస్తారు. కొలత అంకణాల్లో ఉంటే మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులని గుర్తుంచుకోండి, నెల్లూరు లెక్క వేయొద్దు. 1911 దాకా మనది ఉత్తర ఆర్కాడు జిల్లా, అరవంలో రాసిన కాగితాలు ఎదురైనా కంగారు పడొద్దు.

ఇంక ప్రభవ. అది అరవై ఏండ్లకోసారి తిరిగొస్తుంది. 1867-68 ప్రభవే, 1927-28 కూడా ప్రభవే. మొదటిదైతే పెద్దాయన మాట నిజం. రెండోదైతే కొన్న మరుసటేడు కట్టినట్టు.

భేరివీధి ఆడపడుచు:
అన్నా, మీరిద్దరూ పెద్దాయన మాటను సాక్ష్యం కింద లెక్కే వేయడం లేదు. మా అవ్వ ఏ సంవత్సరం ఏది జరిగిందో చెప్పలేకపోయేది. బ్రహ్మోత్సవాలప్పుడు మా తిన్నె మీద ఏ ఊరి యాత్రికులు దిగేవాళ్లో, వంటిల్లు ఎప్పుడు వెనక్కి జరిగిందో, ఏ గది ఏ కోడలి కాన్పుకు కట్టినారో మాత్రం పొల్లుపోకుండా చెప్పేది. ఇవి ఏ రిజిస్టరులో దొరుకుతాయి? పెద్దోళ్లు పోతే పోయినట్టే. కాగితాలు ఇంకో పదేండ్లయినా ఆఫీసులోనే ఉంటాయి, ముందు మనుషుల దగ్గర కూర్చోండి.

తీర్థకట్ట వీధి:
దస్తావేజు మళ్లీ చదివినాం. షెడ్యూలులో “పూరిల్లు, దొడ్డి, బావిలో సగం హక్కు” అని ఉంది. అమ్మినాయన వీళ్ల దాయాదే.

చిత్తూరు సివిల్:
అయితే మిద్దె 1927-28ది. తేలిపోయింది.

పాత రైటరు:
ముందరి భాగం వరకు తేలింది సార్. బావిలో మిగతా సగం హక్కు ఎవరిది? ఈ కుటుంబం అప్పటికే పక్క స్థలంలో ఉండి, దాయాది భాగం కొని కలుపుకొని ఉండొచ్చు. వెనక గదులు వేరే గోడ కావచ్చు. ముందరి గోడా వెనక గోడా కలిసేచోట ఇటుకలు ఒకదాంట్లోకి ఒకటి అల్లుకున్నాయా, అతుకు గీత కనిపిస్తోందా? అది మీరే చూసి చెప్పాలి.

చిత్తూరు సివిల్:
అతుకు ఉంటే మీ మాటే ఒప్పుకుంటా. గార చెక్కకుండానే చూడొచ్చు, అటక మీద పూత ఉండదు.

భేరివీధి ఆడపడుచు:
తమ్ముడూ, అటక ఎక్కే ముందు పెద్దాయన్ని ఒకటి అడుగు: ఆ బావి నీళ్లు రెండిళ్లవాళ్లూ తోడుకున్నట్టు ఆయన చిన్నప్పుడు ఎవరన్నా చెప్పినారా? ఆయన ఏం చెప్తే అది, ఆయన మాటల్లోనే, 1927-28 పక్కన రాయి. కొట్టేయొద్దు.