రాకీస్ (డెన్వర్ బేస్‌బాల్ టీం): పైన మనిషిని మారిస్తే సరిపోతదా, ఫ్రంట్ ఆఫీస్ (ఆటగాళ్లను ఎంచి టీంను నడిపే ఆఫీసు) మొత్తం మార్చాల్నా?

హనుమకొండ వేకువ:
డెన్వర్‌ల సాయంత్రం 6:40 మ్యాచ్ అంటే మనకు తెల్లారి 6:10. అప్పుడు లేచి చూసేటోళ్లకు మూడేండ్ల సంది ఓటములే: 2023ల 103, 2024ల 101, 2025ల 119. 2025 సీజన్‌ల 7 గెలుపులు, 33 ఓటముల కాడ మేనేజర్ (మైదానంల టీంను నడిపేటోడు) బడ్ బ్లాక్‌ను తీసేసిండ్రు. సీజన్ అయిపోంగనే జీఎం (జనరల్ మేనేజర్, ఆటగాళ్లను తెచ్చే, పంపే పెద్ద) బిల్ ష్మిట్ తప్పుకున్నడు. నవంబర్‌ల బయటి నుంచి పాల్ డిపోడెస్టాను తెచ్చి పైన కూసోబెట్టిండ్రు. ఇంతటితోని ఆగాల్నా, స్కౌటింగ్ (కొత్త ఆటగాళ్లను వెతికే పని), మైనర్ లీగ్ (కుర్రాళ్లు ఎదిగే కింది మెట్ల టీంలు) కోచింగ్, డేటా విభాగం అన్నీ మార్చాల్నా? మారిస్తే ముందుగాల ఏది?

కాజీపేట జంక్షన్:
బయటి మనిషిని తెచ్చుడే పెద్ద మార్పు తమ్మీ. 2014ల జీఎంగ వచ్చిన బ్రిడిచ్ లోపలి మనిషే, 2021ల వచ్చిన ష్మిట్ కూడా లోపలి మనిషే. కుర్చీ మారింది, అలవాటు మారలే. 2021 జులై చూడు. సీజన్ చేజారిందని అందరికీ తెలుసు, పెద్ద ఆటగాళ్లు ట్రెవర్ స్టోరీ, జాన్ గ్రే కాంట్రాక్టులు ఆ ఏడాదితోనే అయిపోతున్నయ్. ఇద్దర్లో ఒక్కన్ని గూడ ట్రేడ్ చేయలే (వేరే టీంకు ఇచ్చి బదులు ఆటగాళ్లను తెచ్చుకోలే). స్టోరీ పోతే ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లల్ల ఒకన్ని ఎంచుకునే వంతు) వచ్చింది. గ్రేకు క్వాలిఫయింగ్ ఆఫర్ (ఆటగాడు కాదని పోతే టీంకు డ్రాఫ్ట్ పిక్ తెచ్చే ఒక ఏడాది ఆఫర్) గూడ ఇయ్యలే, అందుకే ఆయన పోయినంక చేతికి ఏం రాలే. అదే ఏడాది మొదట్ల స్టార్ ఆటగాడు అరెనాడోను సెయింట్ లూయిస్‌కు పంపి, పైనుంచి 5 కోట్ల డాలర్ల దాకా కట్టిండ్రు. మళ్ల 2022ల క్రిస్ బ్రయంట్‌కు 7 ఏండ్లకు 18.2 కోట్ల డాలర్లు. ఆయన గాయాలతోని ఎక్కువ కాలం బయటనే ఉన్నడు. టీం ఏ స్థితిల ఉందో ఒప్పుకోకపోవుడే వీటన్నిటికీ కారణం. ఓనర్ గూడ ఒప్పుకోకుంటే డిపోడెస్టా ఏం జేస్తడు?

నారుమడి, జమ్మికుంట:
అన్న చెప్పింది ట్రేడ్ల సంగతి. అసలు దెబ్బ కింద, మైనర్ లీగ్‌ల ఉంది. రాకీస్ మైదానం కూర్స్ ఫీల్డ్ సముద్ర మట్టానికి దాదాపు 5,200 అడుగుల ఎత్తుల ఉంటది. గాలి పలుచన, అందుకే కర్వ్‌బాల్ (దారిల వంగే బంతి) తక్కువ వంగుతది, కొట్టిన బంతి ఎక్కువ దూరం పోతది. 2002 సంది బంతులను హ్యూమిడర్‌ల (తేమ నిలిపే గదిల) పెడుతున్నరు. దాంతోని హోమ్ రన్లు తగ్గినయ్ గానీ గాలి పలుచదనం పోదు కదా. బ్యాటర్లకూ ఇదే తిప్పలు: ఇంట్ల తక్కువ వంగే బంతికి కన్ను అలవాటు పడి, బయటికి పోంగనే తడబడతరు.

ఇప్పుడు పిల్లలు ఎదిగే దారి చూడుండ్రి. మైనర్ లీగ్ ఊర్లు ఫ్రెస్నో, స్పోకేన్ దాటి హార్ట్‌ఫోర్డ్‌కు వస్తరు, అది దాదాపు సముద్ర మట్టమే. ఆడికెల్లి ట్రిపుల్-ఏ (మైనర్ లీగ్‌ల ఆఖరి మెట్టు) కోసం అల్బుకర్కీకి, మళ్ల 5,000 అడుగుల పైకి. ఒకే పిచర్ (బంతి ఏసేటోడు), ఒకే చెయ్యి, ఒకే స్పిన్. కానీ బంతి వంగిన ఇంచులు ఊరూరికీ మారుతయ్. ఇంచులతోనే కొలిస్తే, మంచి పిచర్‌ను అల్బుకర్కీల తీసిపారేస్తరు, హార్ట్‌ఫోర్డ్‌ల మామూలోన్ని ఎత్తుకుంటరు. అందుకే ముందుగాల మార్చాల్సింది ఈ విభాగం. నాలుగు ఊర్లల్ల హై-స్పీడ్ కెమెరాలు, ఎత్తుకు తగ్గట్టు సరిచేసిన లెక్క, ఆ లెక్కను పిచింగ్ కోచ్‌కు అర్థమయ్యేటట్టు చెప్పే ఒక మనిషి. ఆఖరుది లేకపోతే మొదటి రెండూ దండుగ.

మంచిర్యాల స్కోర్‌కార్డ్:
స్కౌట్లను మాత్రం ఒక్కసారే ఊడ్చేయొద్దు. జులై డ్రాఫ్ట్ కోసం ఏరియా స్కౌట్ (ఒక ప్రాంతాన్ని చూసుకునే స్కౌట్) ఏండ్ల తరబడి ఒక్కో పిల్లగాన్ని చూసుకుంటొస్తడు, ఆ తెలివి ఫైళ్లల్ల ఉండదు. ఒక డ్రాఫ్ట్ దాకా ఉంచి, అటెన్క ఎవరి అంచనాలు నిలబడ్డయో చూసి తీయాలె. లాటిన్ అమెరికా పనైతే ఇంకా నాజూకు. జనవరి 15న సంతకం పెట్టే 16 ఏండ్ల పిల్లలతోని మాట ఏండ్ల ముందే అయితది. ఆ మాట ఇచ్చినోన్ని తీసేస్తే పిల్లగాడు వేరే టీంకు పోతడు.

ఓడుకుంట ముందటి పిక్‌లు తీసుకొని డ్రాఫ్ట్‌తోని బాగుపడుదామంటే అది గూడ పాత ముచ్చట. హ్యూస్టన్ టీం ఆస్ట్రోస్ 2011 నుంచి వరుసగా 106, 107, 111 ఓడి, మూడు సార్లు మొదటి పిక్ తీసుకున్నరు. ఇప్పుడు మొదటి ఆరు పిక్‌లకు లాటరీ. ఒకే టీం ఏండ్ల తరబడి వరుసగా లాటరీల ఉండకుండ గూడ నిబంధన పెట్టిండ్రు. చికాగో టీం వైట్ సాక్స్ 2024ల 121 ఓడినా 2025ల 10వ పిక్కే దక్కింది. 119 ఓడిన రాకీస్‌కు 2026ల అదే గతి.

హనుమకొండ వేకువ:
మరి కాన్సస్ సిటీ టీం రాయల్స్ 2023ల 106 ఓడి గూడ జీఎం పికోలోను తీయలే. మరుసటి ఏడాదే 86 గెలిచిండ్రు కదా?

కాజీపేట జంక్షన్:
పికోలో చేతికి పూర్తి పగ్గాలు వచ్చి అప్పటికి ఒక్క ఏడాదే. స్టార్ కుర్రాడు బాబీ విట్ జూనియర్ అప్పటికే చేతిల ఉన్నడు. పిచర్లు లూగో, వాకాను కొని పిచింగ్ నిలబెట్టిండు. రాకీస్ కాడ అసొంటి పునాది లేదు. బాల్టిమోర్ టీం ఓరియోల్స్‌తోని పోల్చు: జీఎం ఎలియాస్ 2018 నవంబర్‌ల వచ్చిండు, 2019ల 108, 2021ల 110 ఓటములు, 101 గెలుపులు వచ్చేసరికి 2023 అయింది. మొదటి రెండేండ్లు గెలుపులు లెక్కపెట్టకు తమ్మీ. సీజన్ నడుమ వచ్చే ట్రేడ్ గడువు దాటినంక, కాంట్రాక్టు ముగిసే ఆటగాళ్లు ఎందరు ఇంకా డెన్వర్‌లనే ఉన్నరో చూడు.