ఓనర్ ఫోన్ చేయకుండానే వార్త ఆగిపోతుందా?

వార్తాప్రియ:
పెద్ద వ్యాపార సంస్థ ఏదైనా పత్రికనో ఛానెల్‌నో కొన్నప్పుడల్లా "సంపాదకీయ విషయాల్లో జోక్యం చేసుకోం" అని ప్రకటిస్తారు కదా, ఆ మాటను నమ్మొచ్చా? డబ్బు ఎవరో ఒకరు పెట్టాల్సిందే, ఓనర్ రోజూ వచ్చి హెడ్డింగులు పెట్టడు కదా అంటాడు మా ఫ్రెండ్. నాకేమో ఎక్కడో తేడా కొడుతోంది. లోపల పనిచేసినవాళ్లు చెప్పండి.

పాత డెస్క్:
వార్తలు దిద్ది పేజీలోకి పంపే డెస్క్‌లో చాలా కాలం చేశానండి. ఓనర్ ఫోన్ చేయడం నేనూ చూడలేదు, ఆ అవసరమే రాదు. యాజమాన్యానికి ఏయే వ్యాపారాలున్నాయో కొత్తగా చేరిన ట్రైనీకి కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. వాటి మీద ఐటమ్ వస్తే సబ్ ఎడిటర్ వెళ్లి ఇన్‌చార్జ్‌ని అడుగుతాడు, ఆయన "ఇంకోసారి కన్ఫర్మ్ చేసుకో" అంటాడు, ఈలోపు ఎడిషన్ టైమ్ దాటిపోతుంది, మర్నాటికి అది పాత వార్త. ఆపమని ఎవరూ అనలేదు, వార్త మాత్రం రాలేదు. కొన్నాళ్లకి రిపోర్టర్ అలాంటివి ఫైల్ చేయడమే మానేస్తాడు. నాకు భయం అక్కడే. తీసేసిన వార్తకి కనీసం కాపీ ఉంటుంది, అసలు రాయని వార్త గురించి ఎవరిని నిలదీస్తాం?

రాత్రి షిఫ్ట్:
హామీల సంగతి నేను చెప్తా. 1981లో మీడియా అధిపతి రూపర్ట్ మర్డాక్ లండన్‌లోని టైమ్స్, సండే టైమ్స్ కొన్నప్పుడు ఎడిటర్ల స్వేచ్ఛ గురించి బ్రిటన్ ప్రభుత్వానికే హామీలిచ్చారు. మరుసటి ఏడాదే టైమ్స్ ఎడిటర్ హెరాల్డ్ ఎవాన్స్ బయటికి వెళ్లాల్సొచ్చింది. అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ 2013లో 25 కోట్ల డాలర్లకు అమెరికా పత్రిక వాషింగ్టన్ పోస్ట్ కొన్నాక చాలా ఏళ్లు, ఆయన వార్తల్లో వేలు పెట్టరని అక్కడివాళ్లే చెప్పారు. 2024 అక్టోబరులో అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికీ మద్దతు ప్రకటించకూడదని పత్రిక నిర్ణయించింది, అప్పటికే కమలా హారిస్‌కు మద్దతుగా సంపాదకీయం డ్రాఫ్ట్ అయి ఉంది. కొద్దిరోజుల్లోనే 2 లక్షల మందికి పైగా చందాలు రద్దు చేసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ఒపీనియన్ పేజీలు ఏ అంశాలకు పరిమితమవ్వాలో కూడా ఆయనే చెప్పేశారు, ఆ విభాగం ఎడిటర్ రాజీనామా చేశారు. అంటే అన్నాళ్లూ ఉన్నది ఆయన ఇష్టపడి ఇచ్చిన స్వేచ్ఛ, ఇష్టం మారగానే పోయింది.

చివరి కాలమ్:
అంతా ఓనర్ మీదే తోసేయకండి, ప్రకటనలిచ్చేవాళ్లూ తక్కువేం కాదు. 2015లో కాలమిస్టు పీటర్ ఓబోర్న్ బ్రిటన్ పత్రిక డైలీ టెలిగ్రాఫ్ వదిలేస్తూ, హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు వార్తలను పత్రిక తొక్కిపెట్టిందని బహిరంగంగానే రాశారు, పత్రిక ఒప్పుకోలేదనుకోండి. ఇంకోటి, ఓనర్ మారగానే రిపోర్టర్లందరూ చేతులెత్తేస్తారనీ అనుకోవద్దు. అదే ఏడాది అమెరికా పత్రిక లాస్ వేగస్ రివ్యూ-జర్నల్‌ను ఎవరు కొన్నారో దాచిపెడితే, అది క్యాసినోల యజమాని షెల్డన్ ఎడెల్సన్ కుటుంబమని అక్కడి రిపోర్టర్లే తవ్వి బయటపెట్టారు. తర్వాత వాళ్లలో కొందరు ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు, ఆ మూల్యం చిన్నదేం కాదు.

వార్తాప్రియ:
థాంక్సండి. మరి చదివేవాళ్లం మేం దేన్ని చూడాలి?

పాత డెస్క్:
ఎడిటర్‌ని తీసేసే అధికారం ఎవరిది, దానికి కాగితం మీద ఏమైనా అడ్డు ఉందా అని చూడండి. బ్రిటన్ పత్రిక గార్డియన్‌కి 1936లోనే ట్రస్టు పెట్టారు, పత్రిక స్వేచ్ఛను కాపాడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. తర్వాత, ఓనర్ కంపెనీ మీద కోర్టు తీర్పో జరిమానానో వచ్చిన రోజు ఆ పత్రికనీ, పోటీ పత్రికనీ పక్కపక్కన పెట్టి చదవండి. వార్త ఏ పేజీలో వేశారు, ఎంత వేశారు, అది మా యాజమాన్యానిదేనని ఒక్క లైనైనా రాశారా?