పాత కారు డ్యాష్‌బోర్డులో వచ్చిపోయే వార్నింగ్ లైట్లు: లోపం ఎక్కడ వెతకాలి?

పాతబండి_2011
2011 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1,38,000 కి.మీ. తిరిగింది. ట్రాఫిక్‌లో ఏసీ, హెడ్‌లైట్లు ఆన్‌లో ఉండగా యూటర్న్‌కి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఈపీఎస్ (కరెంటుతో నడిచే పవర్ స్టీరింగ్), ఏబీఎస్ (సడన్ బ్రేక్‌లో చక్రాలు లాక్ కాకుండా చూసేది) లైట్లు రెండూ ఒకేసారి వెలుగుతున్నాయి. స్టీరింగ్ ఒక్క క్షణం బరువెక్కుతుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే లైట్లు పోతాయి. ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం దాని ఇష్టం, ఎప్పుడొస్తుందో చెప్పలేం. బ్యాటరీకి మూడో ఏడు. గ్యారేజీలో ఏబీఎస్ మాడ్యూల్ (దాన్ని నడిపే కంప్యూటర్ పెట్టె) మార్చాలంటున్నారు. నిజమేనా?

మల్కాజిగిరి_వైరింగ్
అన్నా, మాడ్యూల్ జోలికి పోకు. ముందుగాల ఎర్త్ చూడు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి. వేరే వేరే సిస్టమ్‌ల లైట్లు ఒక్కసారే వచ్చినయంటే నూటికి తొంభై పాళ్లు కరెంటు సప్లై లొల్లే. స్కానర్ పెట్టుడు, క్లియర్ కొట్టుడు, పైసలు తీసుకునుడు, గిదే నడుస్తుంది చాలా చోట్ల.

ఓమ్స్_లా
పై మాటే కాస్త వివరంగా. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ఈపీఎస్ మోటార్ పదుల యాంపియర్లు లాగుతుంది. ఐడిల్‌లో డైనమోకి (కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్) అదంతా ఇచ్చే శక్తి ఉండదు, మిగతాది బ్యాటరీ నుంచి రావాలి. దారిలో ఎక్కడ తుప్పున్నా ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతుంది, మాడ్యూళ్లు ఫిర్యాదు చేస్తాయి. అవి చెప్పేది నిజమే, కానీ చెడింది అవి కాదు.

స్కానర్ చూపే లోపాల కోడ్‌లు రాసుకున్నాకే క్లియర్ చేయండి. పి0562 అంటే సిస్టమ్ వోల్టేజీ తక్కువ. యు0121 అంటే ఏబీఎస్ మాడ్యూల్‌తో సంబంధం తెగింది. ఈ రెండూ కలిసి కనిపిస్తే సెన్సర్ల వైపు చూడక్కర్లేదు. బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి తగిలించే చవక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, మామూలు యాప్ సాధారణంగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ చదవాలంటే అన్ని సిస్టమ్‌లూ చూసే స్కానర్ కావాలి.

తర్వాత మల్టీమీటర్, 20 వోల్టుల డీసీ రేంజ్. రాత్రంతా ఆగిన బండికి బ్యాటరీ 12.6 చూపిస్తే ఫుల్, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందికి దిగితే బ్యాటరీ మీద అనుమానం. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని బండ్లలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) తానే ఛార్జింగ్ తగ్గిస్తుంది కాబట్టి హెడ్‌లైట్లు వేశాకే రీడింగ్ నమ్మండి.

అసలు పరీక్ష వోల్టేజ్ డ్రాప్, అంటే కరెంటు దారిలో ఎంత వోల్టేజీ పోతోందో కొలవడం. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఏసీ, బ్లోయర్, హెడ్‌లైట్లు, వెనక అద్దం డీఫాగర్ అన్నీ ఆన్ చేయండి. నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీదే పెట్టాలి, క్లాంప్ మీద కాదు. క్లాంప్ మీద పెడితే క్లాంప్‌కీ పోస్ట్‌కీ మధ్య ఉన్న లోపం మీటర్‌కి కనిపించదు. ఎర్ర ప్రోబ్‌ని ముందు బాడీకి, తర్వాత పెయింట్ లేని చోట ఇంజిన్ బ్లాక్‌కి ఆనించండి. 0.1 వోల్టు లోపు మంచిది, 0.2 దాటితే ఆ దారిలో లోపం ఉన్నట్టే. అలాగే డైనమో బి ప్లస్ స్టడ్ (కరెంటు బయటికొచ్చే బోల్టు) నుంచి బ్యాటరీ పాజిటివ్ పోస్ట్‌కి కూడా చూడండి.

లోడ్ లేకుండా ఓమ్‌లలో కొలవొద్దు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలిన తీగ కూడా సున్నా ఓమ్‌లే చూపిస్తుంది.

సెల్లార్_పార్కింగ్
రెండు సంగతులు కలుపుతున్నా. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బండైతే ఎలుకలు. ఇంజిన్ కవర్ తీసి హార్నెస్ (తీగల కట్ట) వెంబడి టార్చ్ వేయండి. కొరికిన తీగకి టేపు చుట్టి వదిలేస్తే వానాకాలంలో లోపల పచ్చటి చిలుము పట్టి మళ్లీ మొదలు. చెడిన ముక్క కత్తిరించి, క్రింప్ చేసి (లోహపు తొడుగు నొక్కి బిగించి), లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. మెలేసి ఉన్న జంట తీగలు క్యాన్ లైన్లు (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి), అతికాక ఆ మెలిక మళ్లీ వేయాలి.

చెట్టు కింద పెట్టే బండైతే వైపర్ల కింద ఆకులు చేరి డ్రైన్ మూసుకుపోతుంది. జూలై, ఆగస్టు వానలకి ఆ నీళ్లు క్యాబిన్‌లోకి దిగి ఫ్యూజ్ బాక్స్‌నో కార్పెట్ కింది కనెక్టర్లనో తడుపుతాయి. కార్పెట్ పైకి పొడిగానే ఉంటుంది, కింది స్పాంజి నొక్కి చూడండి.

పాతబండి_2011
కోడ్‌లు: పి0562, యు0121, ఎయిర్‌బ్యాగ్‌లో డ్రైవర్ సీట్‌బెల్ట్ ప్రీటెన్షనర్ (గుద్దుకున్నప్పుడు బెల్ట్ బిగించేది) రెసిస్టెన్స్ ఎక్కువ. బ్యాటరీ 12.5. సెల్ఫ్‌లో కనిష్ఠం 10.2. అన్నీ ఆన్ చేసి ఐడిల్‌లో బ్యాటరీ దగ్గర 13.3, డైనమో స్టడ్ నుంచి డైనమో బాడీకి 14.1. బాడీకి డ్రాప్ 0.04. ఇంజిన్ బ్లాక్‌కి మైనస్ 0.62. సెల్ఫ్ కొట్టేటప్పుడు అదే బ్లాక్‌కి ప్లస్ 1.1. మైనస్ ఎందుకొచ్చింది?

ఓమ్స్_లా
దొరికింది. ఇంజిన్ నడిచేటప్పుడు డైనమో కరెంటు బాడీ నుంచి బ్లాక్‌కి వస్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్లాక్ నుంచి బాడీకి పోతుంది. దిక్కు మారింది కాబట్టి గుర్తు మారింది. డైనమో 14.1 ఇస్తుంటే 0.62 ఎర్త్‌లోనే పోతోంది, మిగిలిన 0.2 దాకా పాజిటివ్ వైపు. బాడీకి 0.04 అంటే బ్యాటరీ నెగటివ్ కేబుల్ బాగుంది. తప్పు ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ స్ట్రాప్‌ది, అంటే రెంటినీ కలిపే పట్టీది. బ్యాటరీ, డైనమో రెండూ మార్చక్కర్లేదు. నిర్ధారణకి ఒక జంపర్ కేబుల్‌తో బ్లాక్‌నీ బ్యాటరీ నెగటివ్‌నీ కలిపి యూటర్న్ లోడ్ ఇచ్చి చూడండి. రీడింగ్ 0.1 కిందికి రావాలి.

మల్కాజిగిరి_వైరింగ్
ఆ స్ట్రాప్ ఎక్కువ బండ్లల్ల గేర్‌బాక్స్ కాడ ఉంటది, బురద పడే జాగ. సికింద్రాబాద్ రాణిగంజ్‌ల ఆటో ఎలక్ట్రికల్ షాపుల 25 స్క్వేర్ ఎంఎం రాగి జడ స్ట్రాప్ అడుగు, పాతదాని కంటే రెండించులు పొడుగు తీసుకో, ఇంజిన్ ఊగుతది కదా. లగ్ (చివర బోల్టు పట్టే రింగు) గట్టిగ క్రింప్ చేసి ఉన్నదా చూడు. బాడీ వైపు పెయింట్ గీకి మెరిసే ఇనుము కనబడాలె. బిగించినంక పైనుంచి వాజెలిన్ పుయ్యి, లోపల కాదు. బ్యాటరీ నెగటివ్ ముందు తీయాలె, ఆఖరికి పెట్టాలె. కాంటాక్ట్ క్లీనర్, హీట్ ష్రింక్ కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతయి.

సీట్_కింద_పసుపు
ఎయిర్‌బ్యాగ్ లైటు దీనికి సంబంధం లేనిది. మీ కోడ్‌కి ముందు సీటు కింది పసుపు కనెక్టర్‌ని చూడాలి, మీ బండిలో అక్కడ ఉంటే. సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా తీగ లాగబడి పిన్ను పట్టు వదులవుతుంది. ఆ తీగల మీద మల్టీమీటర్ ఓమ్‌ల రేంజ్ అస్సలు పెట్టొద్దు, ప్రీటెన్షనర్ పేలొచ్చు. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి, కనెక్టర్ విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక క్లిక్‌మనేలా నొక్కి, తీగకి కాస్త వదులిచ్చి క్లిప్ వేయండి. ఈ లైటు తనంతట తాను పోకపోవచ్చు, స్కానర్‌తో క్లియర్ చేయాలి. హారన్ కూడా ఆగి ఆగి మోగుతుంటే అప్పుడు స్టీరింగ్‌లోని క్లాక్ స్ప్రింగ్ (హారన్, ఎయిర్‌బ్యాగ్ తీగలుండే చుట్ట) సంగతి.

పాతబండి_2011
స్ట్రాప్ మార్చాక బ్లాక్‌కి మైనస్ 0.05, బ్యాటరీ దగ్గర 13.9. కానీ బ్యాటరీ మళ్లీ తగిలించగానే ఈపీఎస్ లైటు పసుపు రంగులో వెలిగే ఉంది.

ఓమ్స్_లా
చాలా బండ్లలో బ్యాటరీ తీస్తే ఈపీఎస్ స్టీరింగ్ యాంగిల్ (ఎటు ఎంత తిరిగి ఉందో) మరిచిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి, తిన్నగా కాస్త దూరం నడపండి. పోకపోతే స్కానర్‌లో యాంగిల్ సెన్సర్ కాలిబ్రేషన్ చేయాలి. వన్ టచ్ పవర్ విండో పనిచేయకపోతే అద్దం పూర్తిగా పైకెత్తి స్విచ్‌ని కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి.