అప్‌డేట్: ఎం.ఏ. కమ్యూనికేషన్ చదువు ల్యాబ్ కౌంటర్‌లో పనికొచ్చింది

రెండు నెలల కింద అడిగాను, గుర్తుందా? దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను, షుగర్ టెస్టుకి పరగడుపున రమ్మన్నా రోజూ కొందరు చాయ్ తాగి వస్తున్నారు, నా చదువు ఇక్కడ పనికొస్తుందా అని. కమ్యూనికేషన్ పండితుడు విల్బర్ ష్రామ్‌ని మళ్లీ చదవమన్నారు ఒకరు. చెప్పేవాళ్ల అనుభవం, వినేవాళ్ల అనుభవం కలిసిన చోటే మాట అర్థమవుతుందని ఆయన 1954లోనే చెప్పాడు.

మర్నాడే ఒక పెద్దమ్మ వచ్చింది. "ఏం తినలే బిడ్డా, చాయ్ ఒక్కటే తాగిన" అంది. ఆమె అబద్ధమాడలేదు. మన హైదరాబాద్‌లో చాయ్ తిండి లెక్కలోకి రాదు కదా! తప్పు, పరగడుపున రమ్మని రాసిచ్చే మా చీటీది.

ఇప్పుడు "8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, చాయ్, పాలు, బిస్కెట్ కూడా వద్దు" అని విడమరిచి చెబుతున్నాను. తర్వాత, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, రేపు పొద్దున లేచి ఏం చేస్తారో ఒకసారి చెప్పండి" అంటాను. పుస్తకంలో ఫీడ్‌బ్యాక్ అని చదివింది ఇదే. ఎవరూ నొచ్చుకోవట్లేదు. చాయ్ తాగి వచ్చేవాళ్లు బాగా తగ్గారు.

ఫోన్‌లో బుక్ చేసుకునేవాళ్లతోనే ఇంకా కుదరలేదు, హడావిడిగా పెట్టేస్తారు. వాళ్లకి ముందురోజు రాత్రి వాయిస్ మెసేజ్ పంపి చూస్తాను.