రోమ్‌లో ఒక్కరోజు: పాత చర్చిలు, చిత్రాలు – ఏవి చూడాలి?

గుండ్లకమ్మ (ఒంగోలు):
అందరికీ వందనాలు. మా అమ్మాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్టోబరులో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. రోమ్‌లో వాటికన్‌కి పోను ఒక్క రోజు మిగులుతుంది. ఆ రోజంతా పాత చర్చిలే చూడాలని మా ఆవిడ పట్టు. మాది బాప్టిస్టు సంఘం. 1854 జనవరి 1న పొద్దుపొడుపు వేళ అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు ప్రార్థన చేసిన కొండ మా ఊళ్లోదే. మా చర్చిలో శిలువ తప్ప బొమ్మలుండవు, చిత్రకళ గురించి మాకేమీ తెలియదు. అక్కడ అన్నీ ఒకేలా కనిపిస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. చూసొచ్చినవాళ్లు చెప్పండి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
అన్నా, మీకు బైబిలు తెలుసు కదా, అది చాలు. కథ తెలిసిన బొమ్మ ముందు నిలబడితే ఎవరూ వివరించక్కర్లేదు. అందుకే చర్చి పేరు చూసి కాదు, లోపలున్న కథ చూసి ఎంచుకోండి.

పియాజ్జా నవోనా అనే కూడలి దగ్గర సాన్ లుయీజీ అని ఫ్రెంచి వాళ్ల చర్చి ఉంది. ఎడమ పక్క చివరి చాపెల్‌లో (చర్చి లోపల పక్కనుండే చిన్న ప్రార్థన గది) కారవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు 1600 ప్రాంతంలో వేసిన మత్తయి చిత్రాలు మూడున్నాయి. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయిని యేసు పిలిచే ఘట్టం చూడండి. యేసు ముఖం, చాచిన చెయ్యి తప్ప మిగతా అంతా చీకట్లో, పేతురు వెనకాల ఉంటుంది. వెలుగు మాత్రం యేసు వైపు నుంచే బల్ల మీదికి వస్తుంది. బల్ల చివర ఒక కుర్రాడు తల కూడా ఎత్తకుండా డబ్బులు లెక్కపెడుతుంటాడు. గడ్డపాయన వేలు చూపిస్తున్నది తనవైపా, ఆ కుర్రాడివైపా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీరూ అక్కడ నిలబడి తేల్చుకోండి. ప్రవేశం ఉచితం.

ఇంకో ముఖ్య విషయం. మన గుళ్లలాగే అక్కడ చాలా చర్చిలు మధ్యాహ్నం మూసి, మళ్లీ మూడు నాలుగు గంటలకు తీస్తారు. పొద్దున్నే బయల్దేరాల్సిందే.

కావలి టీచర్:
పెన్నా ఒడ్డు గారు చెప్పిన చర్చి నుంచి రెండు వీధులు నడిస్తే సాంత్ అగొస్తీనో చర్చి. అది దాటిపోకండి. లోపలికి వెళ్లగానే ఎడమ వైపు మొదటి చాపెల్‌లో, బాలయేసును ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ మరియమ్మ ముందు ఇద్దరు ముసలి యాత్రికులు మోకరించి ఉంటారు. ఇదీ కారవాజ్జోదే. ఆ మగమనిషి మట్టి పట్టిన అరికాళ్లు సరిగ్గా చూసేవాళ్ల వైపు తిరిగి ఉంటాయి. ముసలావిడ తలగుడ్డ మాసి, చిరిగి ఉంటుంది. ఏటా వేళాంకణి వెళ్లే మా అత్తమ్మ దాని ముందు నుంచి కదల్లేదు. నన్నడిగితే రోమ్ మొత్తంలో మన జనానికి అన్నిటికన్నా దగ్గరైన బొమ్మ అదే.

చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి. చాలా చాపెళ్లలో డబ్బాలో నాణెం వేస్తేనే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. చీర కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

మైపాడు అల (నెల్లూరు):
పాంథియాన్ (పాత రోమన్ గుడి, తర్వాత చర్చి అయింది) పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. దాన్ని మధ్యాహ్నానికి పెట్టుకోండి. 2023 జులైలో టికెట్ మొదలుపెట్టారు, అప్పుడు 5 యూరోలు. చిత్రకారుడు రఫాయెల్ సమాధి లోపలే ఉంది. పాంథియాన్‌కి దగ్గర్లోనే సాంత్ ఇన్యాత్సియో చర్చి. అందులో గోపురం నిజంది కాదు, 1685లో ఆంద్రియా పొజ్జో అనే జెస్యూట్ (యేసు సభ) బ్రదర్ గుడ్డ మీద వేసిన బొమ్మ. నేల మీద గుర్తు ఉన్నచోట నిలబడి పైకి చూస్తే నిజమైన గోపురమే అనిపిస్తుంది, నాలుగడుగులు జరిగితే వంకరపోతుంది. పైకప్పు కనిపించేలా అక్కడ పెట్టిన అద్దం ముందు సెల్ఫీల కోసం పెద్ద క్యూ ఉంటుంది. ఆ క్యూతో మనకు పనిలేదు, మెడ ఎత్తి చూస్తే సరిపోతుంది.

గూడూరు బండి:
నేను వేరే మాట చెప్తా. బొమ్మలతో పాటు పాతదనం కూడా చూడాలంటే కొలోసియం దగ్గర సాన్ క్లెమెంతే. పైన 12వ శతాబ్దపు చర్చి, దాని కింద 4వ శతాబ్దపు చర్చి, ఇంకా కింద పాత రోమన్లు కొలిచిన మిత్ర దేవుడి గుడి. అట్టడుగున నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది. కిందికి టికెట్ ఉంది, ఫొటోలు తీయనివ్వరు. ఆదిమ సంఘం గురించి చదివినవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

గుండ్లకమ్మ (ఒంగోలు):
అందరికీ కృతజ్ఞతలు. కుర్రాడు తల ఎత్తలేదని చదివి మా ఆవిడ వెంటనే మత్తయి 9 తీసింది. ఒక సందేహం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మైకెలాంజెలో మోషే విగ్రహం చూడాలని ఉంది, వీలవుతుందా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
అది సాన్ పియెత్రో ఇన్ వింకొలీ చర్చిలో ఉంది. పేతురును బంధించిన గొలుసులని చెప్పేవి కూడా అక్కడే, బలిపీఠం కింద పెట్టారు. వియా కవూర్ అనే వీధి వైపు నుంచి వెళ్తే మెట్లు చాలా ఉన్నాయి, కాబట్టి టాక్సీలో చర్చి ముందే దిగండి. సాన్ క్లెమెంతే కిందికి దిగడం కూడా అక్కకు కష్టమే, పైన మొజాయిక్ (చిన్న రంగు ముక్కలు పేర్చిన చిత్రం) చూసి వచ్చేయండి. మోకాళ్ల సంగతి విన్నాక నేనైతే పొద్దున సాన్ లుయీజీ, సాంత్ అగొస్తీనో, మధ్యాహ్నం పాంథియాన్, సాయంత్రం మోషే, అంతే పెట్టుకుంటా. ఆదివారం మాత్రం వద్దు, ఆరాధన జరిగేటప్పుడు సందర్శకులను తిరగనివ్వరు.