గాలివాటం, గాలిచాటు, పసిగట్టడం: దుప్పి వేటను తెలుగులో రాయాలంటే

పదాలబుట్ట:
అమెరికాలో విస్కాన్సిన్ నైరుతి మూల కొండల్లో జరిగే తెల్లతోక జింకల వేట మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. "సాయంత్రం గాలి దిశ మారడం వలన విశ్రమిస్తున్న జింకలు వేటగాడి ఉనికిని గుర్తించును" అని రాసి చూస్తే కలెక్టరాఫీసు ప్రకటనలా ఉంది. నాకు నాలుగు మాటలు కావాలి. మనిషి వాసన కొట్టుకుపోయే వైపుకి ఒకటి, కొండకి గాలి తగలని వైపుకి ఒకటి, జింక పగలు పడుకునే చోటుకి ఒకటి, వేటగాడు సాయంత్రం కాచుకునే ఏర్పాటుకి ఒకటి. మొదటిదానికి గాలివాటం అందామంటే "గాలివాటంగా గెలిచాడు" అనే అర్థం అడ్డొస్తోంది.

గ్రూపు నిర్వాహకులు:
ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, కణితి, కృష్ణజింక వేట నేరం. ఇక్కడ చర్చ అమెరికాలో లైసెన్సుతో, సీజన్‌లో జరిగే వేట గురించి, దాని భాష గురించి. అందులోనే ఉందాం.

పాతనిఘంటువు:
గాలివాటాన్ని వదులుకోకండి. తాపీమేస్త్రి బాత్రూం గచ్చు వేసేటప్పుడు నీళ్లు నిలవకుండా తూము వైపు "వాటం" ఇస్తాడు కదా, ఆ వాటమే ఇది. నీరు దేని వెంట జారుతుందో అది నీటివాటం, గాలి ఎటు తోసుకుపోతుందో అది గాలివాటం. తెరచాప పడవకీ తూర్పారబట్టే రైతుకీ ఇది లెక్క, అదృష్టం కాదు. ప్రయత్నం లేకుండా గాలి తోసిన వైపు పోయినవాణ్ని "గాలివాటంగా" అన్నాం, అది తర్వాత ముదిరి "ఏదో అదృష్టంకొద్దీ" అయింది. "గాలివాటంగా" అనే క్రియావిశేషణం మానేసి, "గాలివాటున", "గాలివాటు వైపు" అని రాస్తే ఆ తప్పు అర్థం రాదు.

డ్రిఫ్ట్‌లెస్ తెలుగు:
రెండో మాట కూడా మనదగ్గరే ఉంది: గాలిచాటు. మిసిసిపి నది ఒడ్డున ఉన్న ఈ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ అంటారు. హిమానీనదాలు చదును చెయ్యకుండా వదిలేసిన నేల, అన్నీ నిటారు గట్లు, ఇరుకు లోయలు. ఇక్కడ జింక పడక ఎక్కువగా గట్టుకి గాలిచాటు వైపు, శిఖరం నుంచి కిందికి మూడో వంతు దిగేలోపు ఉంటుంది. వీపు గాలికి, ముఖం లోయకి. వెనకనుంచి వచ్చేదాన్ని ముక్కు చెబుతుంది, ముందునుంచి వచ్చేదాన్ని కన్ను చూస్తుంది.

సందేహి:
చాటు అంటే గాలి తగలని చోటు. గాలే తగలకపోతే వాసన ఎలా వస్తుందండీ?

డ్రిఫ్ట్‌లెస్ తెలుగు:
బలమైన గాలి తగలదు, అంతే. గట్టు దాటిన గాలిలో కొంత వాలు మీదికి జారుతుంది, అది శిఖరం అవతలి వాసన తెస్తుంది. ఎండకి వేడెక్కిన వాలు మీది గాలి పైకి పాకుతుంది, అది లోయ వాసన తెస్తుంది. రెండూ కలిసే పట్టీ సుమారుగా ఆ పై మూడో వంతులోనే. అందుకే ఆ చోటు. గాలి మరీ జోరుగా ఉంటే గట్టు వెనక సుడి తిరుగుతుంది, అప్పుడు పట్టీ చెదిరి జింకలు ఇంకాస్త కిందికి, పొదల్లోకి దిగుతాయి.

పాతనిఘంటువు:
"జింక" మీద చిన్న పేచీ. కృష్ణజింక కొమ్ములు చీలవు, ఊడవు. అది శాస్త్రప్రకారం వేరే కుటుంబం. కొమ్మలు వేసి ఏటా రాలిపోయే కొమ్ములున్నవి మనకి దుప్పి, కణితి. తెల్లతోకదానికి "దుప్పి" దగ్గరి చుట్టం. వ్యాసంలో "తెల్లతోక దుప్పి" అంటే కొమ్ముల బొమ్మ కూడా కళ్లకి కడుతుంది.

పదాలబుట్ట:
బాగుంది, దుప్పి అనే రాస్తాను. పడుకునే చోటుకి "విశ్రాంతి స్థలం" వద్దుగా?

పాతనిఘంటువు:
వద్దు, అది బస్టాండులో ఉంటుంది. "పడక" చాలు. మళ్లీ మళ్లీ వాడే చోటైతే "పట్టు". కాచుకోవడానికి "మాటు", చెట్టు మీద కూచునే పీటకి "మంచె". జొన్నచేలో పిట్టల్ని తోలడానికి వేసినా, చెట్టుకి ఇనుప పీట బిగించినా మంచె మంచే.

డ్రిఫ్ట్‌లెస్ తెలుగు:
మాటు అన్నాక గాలి మార్పు దగ్గరికి వద్దాం, మూల వ్యాసంలో అసలు సంగతి అదే అయి ఉంటుంది. చాలామంది సాయంత్రం మాటుకి సాయంత్రం గాలే చూస్తారు. దుప్పి పడక ఎంచుకునేది తెల్లవారుజామున, మేత ముగించి వెళ్లేటప్పుడు. కాబట్టి అది ఎక్కడ పడుకుందో తెలియాలంటే ఆ వేళ గాలి చూడాలి. మనం ఎక్కడ కూచోవాలో తెలియడానికి సాయంత్రం గాలి చూడాలి. రెండూ వేరయిన రోజే ఇబ్బంది.

నవంబరులో ఇది మామూలు. చలిగాలి ముఖం, అంటే ముంచుకొచ్చే చల్లని గాలిరాశి ముందంచు, వచ్చే ముందు దక్షిణం, నైరుతి నుంచి వీస్తుంది. అది దాటగానే పడమరకి, వాయవ్యానికి తిరుగుతుంది. పొద్దున దక్షిణపు గాలికి ఉత్తరపు వాలు గాలిచాటు, దుప్పులు అక్కడ పడుకున్నాయనుకోండి. మధ్యాహ్నం 2 గంటలకి గాలి వాయవ్యానికి తిరిగితే ఆ వాలే గాలికి ఎదురు పడుతుంది. అప్పుడు కొన్ని లేచి కొద్ది మీటర్లు జరిగి పడుకునే దిక్కు మార్చుకుంటాయి, కొన్ని గట్టు దాటి ఆగ్నేయపు వాలుకి పోతాయి, కొన్ని దట్టమైన పొదుంటే కదలకుండా చీకటి దాకా అక్కడే ఉంటాయి. మర్నాడు మాత్రం వాయవ్యపు గాలి నిలబడితే ఆగ్నేయపు వాలే పట్టు. పొద్దుటి ఎండ కూడా అక్కడే పడుతుంది.

సందేహి:
"గాలి మారింది" అనాలా, "తిరిగింది" అనాలా? మూలంలో రెండుమూడు రకాల మార్పులకి వేర్వేరు మాటలు ఉంటాయి కదా.

పాతనిఘంటువు:
తెలుగులోనూ వేరు చెయ్యొచ్చు. దిక్కు మారితే "గాలి తిరిగింది". జోరు తగ్గితే "గాలి పడిపోయింది". కదలకపోతే "గాలాడటం లేదు". అటూ ఇటూ ఊగితే "గాలి నిలకడగా లేదు". అన్నిటికీ కలిపి "మార్పు" అని రాస్తే వేటగాడికి పనికొచ్చే సమాచారం పోయినట్టే.

డ్రిఫ్ట్‌లెస్ తెలుగు:
అవును, ఈ నాలుగింటికీ నాలుగు జాగ్రత్తలు. నిలకడ లేని గాలి 20–30 డిగ్రీలు ఊగడం మామూలు, కాబట్టి అటూ ఇటూ అంతమేర వాసన పోయినా చెడిపోని చెట్టునే ఎంచాలి. ఒక్క గీతకి సరిపోయే చెట్టు ఎప్పుడూ మోసం చేస్తుంది. పడిపోయే గాలి ఇంకా తంటా. వాతావరణ కేంద్రం చెప్పే వేగం బయలు ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున కొలిచింది, అడవి లోపల అందులో కొంతే ఉంటుంది. సూర్యుడు దిగుతుంటే అది కూడా సద్దుమణుగుతుంది. గంటకి 15–20 కిలోమీటర్ల గాలి ఉన్నంతసేపు దాని మాటే చెల్లుతుంది. 7–8 కి దిగితే వాలు మీది చల్లగాలి పెత్తనం తీసుకుంటుంది.

ఇక్కడే పాతనిఘంటువు గారి మేస్త్రి పనికొస్తాడు. చల్లబడ్డ గాలి బరువెక్కి అచ్చంగా నీళ్లలాగే కిందికి జారుతుంది. వాలు మీద జారి, వాగు మొదట్లో చేరి, వాగు వెంట పారి, గుంట దొరికితే నిలుస్తుంది. మన వాసన కూడా దానితోనే. సాయంత్రం గాలివాటం నీటివాటం అయిపోతుంది. లోయ అడుగున, గాలాడని రోజు మాటు వేస్తే వాసన చుట్టూ గుంటలో నీళ్లలా నిలిచిపోతుంది, ఎటునుంచి దుప్పి వచ్చినా తొక్కుతుంది. పారే వాగు పక్కనైతే కొంత నయం, వాసనని దిగువకి లాక్కుపోతుంది.

పదాలబుట్ట:
ఇది ఎన్ని గంటలకి మొదలవుతుంది? వ్యాసంలో "సూర్యాస్తమయానికి" అని ఉంది.

డ్రిఫ్ట్‌లెస్ తెలుగు:
అది స్థూలం. వాలు మీద నీడ పడ్డప్పుడు అని రాయండి. నవంబరు మూడో వారంలో అక్కడ సూర్యుడు దాదాపు నాలుగున్నరకి అస్తమిస్తాడు. ఆగ్నేయపు వాలుకి అంతకు గంట, గంటన్నర ముందే నీడ వస్తుంది, గాలి కిందికి తిరుగుతుంది. అదే సమయంలో నైరుతి ముఖంగా ఉన్న వాలు మీద ఇంకా పైకి పాకుతూ ఉండొచ్చు. ఒకే గట్టుకి అటు ఒకటి, ఇటు ఒకటి. చాలా రాష్ట్రాల్లో వేట అస్తమయం తర్వాత అరగంట దాకా చెల్లుతుంది కాబట్టి, దుప్పులు కదిలే సమయమంతా గాలి కిందికి జారే సమయమే.

ఇక ఏర్పాటు. వాయవ్యపు గాలి, ఆగ్నేయపు వాలు మీద పడక అనుకుందాం. పడకకి పైన కూచుంటే గాలి వాసనని నేరుగా దాని మీదికి తోస్తుంది. కింద కూచుంటే మధ్యాహ్నం పైకి పాకే గాలి తీసుకెళ్తుంది. మిగిలింది పక్క. అదే ఎత్తులో, పడకకి 100–150 మీటర్లు ఎడంగా. ఆకులు రాలిన అడవిలో అంతకన్నా దగ్గరికి పోతే చూసేస్తుంది. దుప్పి నడిచే బాటకి 15–20 మీటర్లు దిగువన చెట్టు చూసుకోవాలి. విల్లుకి ఆ దూరం సరిపోతుంది, జారే వాసన బాటని తాకదు. మంచె 5–6 మీటర్ల ఎత్తు, ఒళ్లంతా పట్టి ఉంచే భద్రతా పట్టీలు (ఫుల్ బాడీ హార్నెస్) నేల మీదనుంచే కట్టుకోవాలి.

ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తొందరగా వెళ్లడంలో. ఒంటిగంటకే బాటకి దిగువన ఎక్కి కూచుంటే ఇంకా పైకి పాకే గాలి వాసనంతా బాట మీద పరుస్తుంది. నీడ పడ్డాక వెళ్లాలి. అలాగే వెళ్లే దారి వాగు మొదలు గుండా పైనుంచి దిగితే మనకన్నా ముందు వాసన కిందికి పోతుంది. దిగువనుంచి ఎక్కితే వాసన వెనక్కే జారుతుంది. పొలం అంచున మాటుకి ఇంకో చిక్కు ఉంది: చెట్ల మీదుగా పొలంలోకి దిగిన గాలి అంచు దగ్గర వెనక్కి తిరుగుతుంది. ఫోనులో బాణం గుర్తు పొలం వైపు చూపిస్తుంది, వాసన మాత్రం అడవిలోకే వస్తుంది.

సందేహి:
ఆ సుళ్లు కంటికి కనపడవు కదా, ఎలా తెలుసుకుంటారు?

డ్రిఫ్ట్‌లెస్ తెలుగు:
సీసాలోంచి టాల్కం పొడి చిమ్మేవాళ్లున్నారు, అది ఒకటి రెండు మీటర్ల దాకానే చెబుతుంది. అసలు సాధనం మిల్క్‌వీడ్ కాయల దూది. మన జిల్లేడు కుటుంబమే. విత్తనం తుంచేసి ఒక్కో పోగు వదిలితే 50 మీటర్ల అవతల కూడా అది పైకి లేచిందా, కిందికి దిగిందా, వెనక్కి తిరిగిందా కనిపిస్తుంది. మాటులో పావుగంటకి ఒకటి వదలాలి. తెలుగు పాఠకుడికి "జిల్లేడు దూది లాంటిది" అంటే ఒక పేరా వివరణ మిగులుతుంది.

పాతనిఘంటువు:
ఇక "ఉనికిని గుర్తించును" సంగతి. తెలుగులో దానికి పుట్టుమాటే ఉంది, "పసిగట్టు". ఇందులో పసి అంటే బిడ్డ కాదు, వాసన. ఇప్పుడు పోలీసులు కూడా కుట్రలు పసిగడుతున్నారు గానీ, మాట పుట్టింది ముక్కు దగ్గరే. కంటితో అయితే "కనిపెట్టింది", చెవితో అయితే "చెవులు రిక్కించింది" అని విడదీయండి. పనిలో పనిగా, అమరకోశంలో గాలి పేర్లలో "గంధవహుడు" ఉంది, వాసన మోసేవాడని. దాని పక్కనే "పృషదశ్వుడు", చుక్కల జింకలు గుర్రాలుగా గలవాడు. వాయుదేవుడికి జింక వాహనం.

సందేహి:
అంటే వేటగాడి వాసన మోసేదీ, దుప్పి ఎక్కి తిరిగేదీ ఒకడే. ఇక వేటగాడికి దిక్కేముందండీ.

పదాలబుట్ట:
ఇలా మార్చాను, చూడండి: "పొద్దున గాలిచాటు చూసుకుని పడుకున్న దుప్పులు సాయంత్రం గాలి తిరిగితే పడక మార్చవచ్చు. గాలి పడిపోతే మాటులో ఉన్నవాడి వాసన వాలు వెంట జారుతుంది, దుప్పులు పసిగడతాయి. ముందుకాలితో నేల తట్టి, ముక్కుతో బుస్సున ఊది, తెల్లతోక ఎత్తి పరుగెడతాయి."

డ్రిఫ్ట్‌లెస్ తెలుగు:
"దుప్పులు పసిగడతాయి" కాదు, "దిగువన ఉన్న దుప్పులు". పైబాటలో నడిచేవాటికి ఆ వేళ ఏమీ తెలియదు, మాటు వేసింది వాటి కోసమే.

పదాలబుట్ట:
చేర్చాను. "తిరిగితే", "పడిపోతే" మధ్య పేరా కూడా విడగొట్టాను.